శ్రీ భాగ్యరెడ్డివర్మగారు – మద్యపాన నివారణము
(వార్షిక మహాసభయందు గావింపఁబడిన యుపన్యాసము)



మన సంఘపు మహాసభ నాంపల్లియందు సమావేశమైన యీ సుదినమున, కీర్తిశేషులు మాదరి భాగ్యరెడ్డివర్మగారిని స్మరించు నవకాశము మాకొసఁగినందులకుఁ గృతజ్ఞులము. వారు 1888వ సంవత్సరమున జన్మించి, 1939లో పరమపదించిరి. పాఠశాలలు నెలకొల్పినవారుగను, ఆదిహిందువులను పేరును నిలిపినవారుగను వారిని మీరందఱు నెఱుఁగుదురు. మద్యపానముచేఁ జెడుచుండిన కుటుంబముల నుద్ధరింప వారు చేసిన పరిశ్రమ మాత్రము తగినంతగాఁ దలంపఁబడుటలేదు. నేఁడు దానినే మనవి చేయఁదలఁచితిమి.

1906లో వారు జగన్మిత్రమండలిని స్థాపించిరి. హరికథలును, భజనలును దాని సాధనములు. అక్షరజ్ఞానము లేని జనులకుఁ గరపత్రములవలనఁ బ్రయోజనమేమి? పగలెల్లఁ గాయకష్టముచేసినవాఁడు సాయంకాలము నలుగురితోఁ గూర్చుండఁగోరును. కల్లుదుకాణము తప్ప వేఱుచోటు లేనిచో నక్కడికే పోవును. వాడలో హరికథ జరిగెనేని వానికి మఱియొక చోటు దొరకును. ఈ మర్మమును వర్మగారు గుర్తించిరని మా యభిప్రాయము.

1911లో నా మండలియే మాన్యసంఘమాయెను. శుభాశుభకార్యములయందు మద్యమాంసములు మానవలెననియు, బాల్యవివాహములును, దేవదాసీ దురాచారమును తొలఁగవలెననియు నా సంఘము బోధించెను. త్రాగుబోతును నిందించి యూరకుండక, పెండ్లికిని చావునకును కల్లుకుండ పెట్టకున్న మర్యాద దక్కదను నాచారమునే వారు పట్టుకొనిరి. త్రాగుట యొకని దౌర్బల్యము. త్రాగించుట కులమంతటి కట్టుబాటు. కట్టుబాటు మాఱినఁగాని యొంటరివాఁడు నిలువలేఁడు. అప్పుచేసి విందుపెట్టి, ఆ యప్పుఁ దీర్ప వెట్టిచాకిరిలోఁ జిక్కినవారి కథలు మన పెద్దలు చెప్పఁగా వినియున్నారము.

ఆ కాలమున నిజాము ప్రభుత్వమునకు అబ్కారీ ముఖ్యాదాయములలో నొకటి. అట్టిచోట ధనబలము లేని పేదల సంఘము మద్యమును మానుఁడని బోధించుట సాహసమే కదా!

అనంతరచరిత్ర చూడుఁడు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణమును మూయించిరి. వారి యుద్యమము రాష్ట్రమంతటను వ్యాపించెను. 1993లో సారా నిషేధింపఁబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలింపఁబడెను. నేఁడు నీ నాంపల్లియందే అబ్కారీ శాఖ ప్రధానకార్యాలయము కలదు. ఆబిడ్సు వీథులలో మద్యపుదుకాణములకుఁ గొదువ లేదు. శాసనము వచ్చును, పోవును. కులము తాను పెట్టుకొన్న నియమము తాను విడుచువఱకు నిలుచును.

విషయ మొకటి నేఁడు మనము గుర్తుంచుకొనవలెను. మద్యవ్యసనము చికిత్సకు లొంగు వ్యాధి. చిరకాలము మితిమీరి త్రాగినవాఁడు హఠాత్తుగా మానినచో వణఁకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును. ఒక్కొకప్పుడు ప్రాణమునకే ముప్పు. కావున నొట్టు పెట్టించి యింట బంధించుట తగదు, వైద్యునికడకుఁ గొనిపోవలెను. ఎఱ్ఱగడ్డ ప్రభుత్వ మానసికవైద్యశాల మన నగరముననే యున్నది. వ్యసనవిముక్తికై కేంద్రప్రభుత్వము 14446 అను టెలిఫోను సహాయమును ఉచితముగా నడపుచున్నది.

మహాశయులారా! చిత్రపటమునకుఁ బూలదండ వేయుట సులభము. మేము కోరునవి మూఁడు. మన సంఘపు పెండ్లిండ్లయందును, దినకర్మలయందును మద్యము పెట్టరాదని యీ సభ తీర్మానింపవలెను. వ్యసనపడినవానిని వెలివేయక, ఆసుపత్రికిఁ దోడుపోవుటకుఁ బ్రతివాడయందు నిద్దఱు ముగ్గురు పూనుకొనవలెను. అట్టివాని బిడ్డల చదువు చెడకుండ మన పోషకులు విద్యానిధినుండి సాయమొసఁగవలెను. ఆబిడ్సునుండి కోఠీ మీఁదుగాఁ జాదర్‌ఘాటునకుఁ బోయినచో వర్మగారి ఆదిహిందూ భవనము కనఁబడును. ఆ భవనము ముందు మనము తలయెత్తి నడువవలెనన్న నీ మూఁడును నెఱవేర్పవలయును.

స్వస్తి.