దొస్తోయెవ్‌స్కీ: ఒక అరుదైన ఇంటిపేరు

రష్యన్ రచయిత దొస్తోయెవ్‌స్కీ పేరు వినని సాహిత్యప్రియులు మనలో తక్కువ. ఆ పేరును ఇద్దరు ఒకే తీరున పలుకుట ఇంకను తక్కువ. తెలుగు అచ్చులో అది డాస్టోవ్‌స్కీ అనియు, డోస్టోయెవ్‌స్కీ అనియు, దోస్తయేవ్‌స్కీ అనియు కనిపించును. మైక్రోఫోను ముందు కూర్చుండు మాబోటివారికి ఇది చిన్న చిక్కు కాదు. రష్యన్ భాషలో పదమునందు ఒక్క అక్షరమునకు ఊనిక యిచ్చి పలుకుదురు. ఊనిక లేని ఒకారము అకారమువలె వినవచ్చును. ఈ పేరులో ఊనిక మూడవ అక్షరముమీద పడును. కావున మాస్కో నగరవాసి నోట అది ఇంచుమించు 'దస్తయేఫ్‌స్కీ' అగును. వ్రాతలో మాత్రము రెండును ఒకారములే. నేను వ్రాతను అనుసరించుచున్నాను; పలుకుబడిని అనుసరించువారితో నాకు తగవు లేదు.

ఈనాటి ముచ్చట ఆ రచయిత నవలలను గూర్చి కాదు, ఆయన ఇంటిపేరును గూర్చి. అది ఎచ్చట పుట్టినది, దాని కర్థమేమి, అంత పెద్ద దేశమున అంత కొద్దిమందికే అది యేల కలదు అను మూడు ప్రశ్నలు. ఈ మూడింటికిని సమాధానము ఒక్క గ్రామములోనే ఉన్నది.

ముందుగా, అరుదు కాని పేర్లను చూతము. చెక్ దేశమునందు అందరికంటె ఎక్కువమందికి గల ఇంటిపేరు నోవాక్. పోలండులోను అదియే మొదటిది. అచ్చట రెండు లక్షలకు మించి నోవాకులు కలరు. నోవాక్ అనగా కొత్తవాడు. ఏ యూరికైనను కొత్తవాడొకడు వచ్చి చేరక తప్పదు గదా! రష్యాలో కుజ్నెత్సోవ్ అను పేరు విస్తారము. కుజ్నేత్స్ అనగా కమ్మరి. కమ్మరి లేని పల్లె లేదు. ఇట్టి పేర్లు వేయిచోట్ల వేయి మారులు విడివిడిగా పుట్టినవి. ఇద్దరు కుజ్నెత్సోవులు కలిసినచో వారు చుట్టములని ఎవరును తలపరు. దొస్తోయెవ్‌స్కీ పేరు అట్టిది కాదు. అది ఒకచోట పుట్టి, ఒక కుటుంబమును పట్టుకొని వచ్చినది.

ఈ పేరు చివర గల 'స్కీ' ప్రత్యయము ఏదో యొకదానికి సంబంధించిన వాడను విశేషణార్థము నిచ్చును. ఊరిపేరుమీద ఇది చేరినప్పుడు ఆ యూరివాడని యర్థము. మనకిది వింత కాదు. నెల్లూరు సీమలోని సర్వేపల్లి గ్రామము పేరు రాధాకృష్ణ పండితుని ఇంటిపేరైనట్లే, దొస్తోయెవో అను గ్రామము పేరు ఈ కుటుంబమునకు ఇంటిపేరైనది. మనము దానిని పేరునకు ముందుంచుదుము, వారు తరువాత నుంచుదురు, అంతియే భేదము. రాధాకృష్ణ పండితుడు 1949 నుండి 1952 వరకు మాస్కోలో మన రాయబారిగా నుండెను. ఈ పోలికను ఎవరైనను ఆయనతో ప్రస్తావించిరో లేదో!

అయితే 'స్కీ' కనబడగానే ఊరిని వెదకబోవుట ప్రమాదము. సంగీతకర్త చైకోవ్‌స్కీ పూర్వికుని ఇంటిపేరు చైకా, అనగా సముద్రపు కాకి. దానికి పెద్దమనుష్యుల పేరుల తీరున 'స్కీ' చేర్చుకొన్నారు. రష్యాలోని క్రైస్తవ మతపాఠశాలలలో పురోహితుల కుమారులకు పండుగల పేరులనుబట్టియు, దేవాలయముల పేరులనుబట్టియు కొత్త ఇంటిపేర్లు పెట్టెడి ఆచారము కూడ ఉండెను. త్రోయిత్స్‌కీ, వొజ్నెసేన్‌స్కీ అనునవి అట్టివి. దొస్తోయెవ్‌స్కీ తాతగారు పురోహితుడే. కావున ఇదియు పాఠశాలలో పెట్టిన పేరే యని ఎవరైన అనుకొనవచ్చును. అట్లు కాదని చెప్పుటకు మనకు పాతపత్రము లున్నవి.

మొదటి పత్రము 1506వ సంవత్సరమునాటిది. పీన్స్క్ రాజ్యము నేలుచుండిన ఫ్యోదర్ ఇవానవిచ్ యరొస్లావిచ్ అను రాజు, దనీలో ఇవానవిచ్ ఇర్తీష్ అను వానికి కొన్ని గ్రామములలో భూమిని దానము చేసెను. వానిలో దొస్తోయెవో యొకటి. ఈ గ్రామము నేటి బెలారస్ దేశమున, బ్రెస్త్ మండలములో, పీన్స్క్ పట్టణమునకు చేరువ నున్నది. చుట్టును సుప్రసిద్ధములైన చిత్తడి నేలలు. దానము పొందిన దనీలో ఇంటిపేరు వేరు. ఆయన సంతతివారు మాత్రము క్రమముగా పాతపేరును విడిచి ఊరిపేరును ధరించిరి. ఒక రాజు సంతకము, కొంత నేల, ఒక కుటుంబము: ఇంటిపేరు పుట్టుటకు ఇవి చాలినవి. అంతటి స్వల్పమైన పుట్టుక గనుకనే అది అరుదైనది.

అర్థము మాట కొంత వివరింపవలెను. స్లావు గ్రామనామముల చివర నుండు 'ఒవో', 'ఎవో' అనునవి ఫలానావాని యూరని తెలుపును. మిగిలినది 'దొస్తొయ్'. రష్యన్ భాషలో 'దొస్తోయ్ని' అనగా యోగ్యుడు, తగినవాడు. 'దొస్తోయ్నిక్' అను పాతమాటకు పదవి గల పెద్దమనిషి యని యర్థము. రాజు కొలువులో అట్టి పదవి గలవాని యూరగుటచే ఈ పేరు వచ్చెనని కొందరి ఊహ. నాకీ యూహ యింపుగా నున్నది గాని, ఊహ ఊహయే. నిశ్చయముగా చెప్పదగినది వేరొకటి కలదు. ఈ మాటలోని 'దొ' అనగా వరకు. 'స్తొయ్' అనగా నిలుచుట. ఈ 'స్తొ', సంస్కృతములోని 'స్థా' ధాతువు ఒకే మూలమునుండి చీలినవి. మనము స్థానము, స్థితి, స్థిరము అని దినమునకు పది మారులు అనుచుందుము. ఉచ్చరించుటకు నోరు తిరుగదని మనము విసుగుకొను పేరు నడుమ మన యింటి ధాతువే కూర్చున్నది.

ఇంటిపేరు యోగ్యతను తెలుపునదే గాని, దానిని మోసినవారందరును యోగ్యులని చరిత్ర చెప్పదు. 16వ శతాబ్దమున, భయంకరుడని పేరొందిన ఇవాన్ చక్రవర్తికి వెరచి 1564లో లిథువేనియాకు పారిపోయివచ్చిన కూర్బ్‌స్కీ రాజుకడ ఒక ఫ్యోదర్ దొస్తోయెవ్‌స్కీ నమ్మకస్థుడుగా పనిచేసెను. రచయిత పేరును ఇంటిపేరును గలవాడు ఆయనకు మూడు శతాబ్దములకు ముందే ఉండెనన్న మాట. 1606లో మరియా దొస్తోయెవ్‌స్కయా అను స్త్రీ భర్తను చంపించెనను నేరమునకు మరణశిక్షకు గురియైనది. 'నేరము–శిక్ష' వ్రాసిన వాని వంశవృత్తాంతములో ఇట్టి దస్తావేజు ఉండుట విధి విలాసమే. వేరొక దొస్తోయెవ్‌స్కీ కీవ్ నగరములోని ప్రసిద్ధ గుహామఠమున సన్న్యాసి. హంతకులు, మునులు, న్యాయస్థానములు: నవలకు కావలసిన సామగ్రి అంతయు అందే ఉన్నది. కాని రచయితకు వీరి సంగతి తెలిసి వ్రాసెనని అనుకొనుటకు ఆధారము లేదు. ఈ వివరములు చాలవరకు 1933లో మాస్కోలో వొలొత్స్‌కొయ్ అను పరిశోధకుడు ప్రచురించిన వంశచరిత్రమున వెలుగులోనికి వచ్చినవి.

కాలక్రమమున కుటుంబము చితికినది. పెద్దరికము పోయినది, నేల పోయినది, పేరు మిగిలినది. 18వ శతాబ్దము చివర ఆ శాఖవారు దక్షిణమున, నేటి యుక్రెయిన్‌లోని పొదోలియా ప్రాంతమున గ్రామ పురోహితులు. తాతయగు ఆంద్రేయ్ వోయితోవ్‌త్సీ గ్రామములో పూజలు నడుపుచుండెను. ఆయన కుమారుడు మిఖాయిల్ పౌరోహిత్యమును కాదని 1809లో మాస్కో వైద్యవిద్యాలయమున చేరి, పేదల ఆసుపత్రిలో వైద్యుడయ్యెను. 1821లో మన రచయిత జన్మించినది ఆ యాసుపత్రి ఆవరణములోనే. 1828లో తండ్రి తన పిల్లలతో కూడ మాస్కో మండలపు కులీనుల పట్టికలో చేరెను. పాతపత్రములు చూపి కాదు. సర్కారు కొలువులో సంపాదించిన హోదాను చూపి. మూడువందల యేండ్లనాటి రాజు దానమునకు అప్పటికి చెల్లుబాటు లేకపోయెను.

పేరు అరుదైనచో గుర్తించుట సులభమని పోలీసువారు తలచిరి కాబోలు. 1849 ఏప్రిలులో రాజద్రోహపు నేరముపై ఫ్యోదర్‌ను పట్టుకొన్న రాత్రియే, ఆయన అన్న మిఖాయిల్‌ను పట్టుకొనబోయి, ఏమియు ఎరుగని తమ్ముడు ఆంద్రేయ్‌ను పట్టుకొనిరి. తప్పు తెలిసి విడుచుటకు రెండు వారములు పట్టినది. ఆ పిదప మిఖాయిల్‌ను నిర్బంధించిరి. అదే యేడు డిసెంబరు 22న ఫ్యోదర్‌ను తుపాకుల ముందర నిలువబెట్టి, చివరి క్షణమున మరణశిక్షను సైబీరియా ప్రవాసముగా మార్చిరి. కులీనుడను హోదా తొలగినది. 1857లో ఆ హోదా తిరిగి వచ్చినది గాని, అదే యేడు, జైలులో వ్రాసిన 'చిన్న వీరుడు' అను కథ అచ్చయినప్పుడు దానిపై దొస్తోయెవ్‌స్కీ పేరు లేదు. ఎవరిదియు కాని పొట్టి సంతకము మాత్రము ఉన్నది. పత్రికలో తన పేరు మరల చూచుకొనుటకు ఆయనకు 1859వ సంవత్సరము రావలసివచ్చెను. ఆ సమయమున ఇంటిపేరు ఆయనకు వంశగౌరవము కాదు, వృత్తి, అన్నము పెట్టునది.

ఇంతకును వారెవరు? ఈ ప్రశ్నపై పెద్ద వివాదము నడచినది. రచయిత కుమార్తె ల్యుబోవ్ 1920లో మ్యూనిక్ నగరమున జర్మన్ భాషలో తండ్రి జీవితచరిత్రమును ప్రకటించెను. తన తండ్రి రక్తము లిథువేనియా జాతి రక్తమనియు, ఆయన గుణములకు అదియే కారణమనియు అందులో వాదించెను. ఈ వాదము నిలువదని నా యభిప్రాయము. 1506లో పీన్స్క్ ప్రాంతము లిథువేనియా మహారాజ్యములో నుండిన మాట నిజము. కాని అది రాజ్యము పేరు, జాతి పేరు కాదు. ఆ రాజ్యపు దస్తరములే నేటి బెలారస్, యుక్రెయిన్ భాషలకు మాతృకయైన స్లావు భాషలో నడచినవి. పోనీ, ఇర్తీష్ వంటి పేరు గల ర్తీష్చెవుల వంశావళులందు తమ మూలపురుషుడు తాతారు గుడారములనుండి వచ్చెనను గాథ యొకటి కలదు. దానిని నమ్మినచో ఇంకొక జాతి చేరును. పోలండువారి తీరున 'స్కీ' ధరించిన ఇంటివాడే తన చివరి నవలలో పోలండు పెద్దమనుష్యులను పేకాటలో మోసము చేయువారిగా చిత్రించుట మరియొక విచిత్రము. ఇంటిపేరు మనలను ఒక ఊరివరకు చేర్చగలదు. అంతకు వెనుక రక్తములో నేమున్నదో అది చెప్పలేదు. చెప్పగలదని వాదించినవారు ఆ శతాబ్దమున ఐరోపాకు ఎంత కీడు తెచ్చిరో శ్రోతలకు తెలియనిది కాదు.

ఆయన మాత్రము ఇతరుల ఇంటిపేర్లయెడ మహా శ్రద్ధ గలవాడు. 'నేరము–శిక్ష' నాయకుడు రస్కోల్నికవ్. రస్కోల్నిక్ అనగా మతమునుండి చీలిపోయినవాడు. అతని స్నేహితుడు రజుమీఖిన్; రాజుమ్ అనగా బుద్ధి. కరమాజవ్ పేరులోని 'కరా' తురుష్కభాషలో నలుపు; అందుచేతనే ఆ నవలలో మతి చెదరిన యొక యిల్లాలు అల్యోషాను రష్యన్ మాటలో నలుపు వచ్చునట్లు చెర్నొమాజవ్ అని పిలుచును. తన ఇంటిపేరులోని యోగ్యతపై ఈయన ఎచ్చటనైన చమత్కరించెనా యని వెదకితిని, నాకు కనబడలేదు.

ఇక సంఖ్య. అరుదైన ఇంటిపేరునకు గల ప్రమాదము ఆయన ఇంటిలోనే కానవచ్చును. ఆయనకు నలుగురు సంతానము. మొదటి కూతురు సోన్యా 1868లో జెనీవాలో మూడు నెలలకే మరణించెను. చివరివాడు అల్యోషా 1878లో మూడేండ్లు నిండకుండగనే పోయెను. కరమాజవుల కథలో ఆ పేరు పెట్టుకొన్నది ఆ దుఃఖముతోనే. కుమార్తె ల్యుబోవ్‌కు సంతానము లేదు. ఇంటిపేరు నిలుపుటకు మిగిలినవాడు ఒక్క కుమారుడు ఫ్యోదర్. ఆయన గుఱ్ఱముల పెంపకమున నిపుణుడు, 1922లో గతించెను. ఆయన ఇద్దరు కొడుకులలో పెద్దవాడు తండ్రికంటె ముందే, 1921లో, పదునారేండ్ల వయసున మరణించెను. సోదరుల సంతతి వేరుగా నున్నను, రచయిత సొంత శాఖలో ఆ పేరు అప్పటికి ఒకే పిల్లవానిమీద నిలిచినది.

ఆ పిల్లవాడు 1908లో జన్మించిన ఆంద్రేయ్. ఇంజనీరయ్యెను; యుద్ధములో సైనికుడుగా పోరాడి బ్రతికి వచ్చెను. ఆయన కుమారుడు లెనిన్‌గ్రాడు వీథులలో ట్రాము నడిపెను. నాయనమ్మ ఆన్నా గ్రిగోర్యెవ్నా దొస్తోయెవ్‌స్కయా 1918లో యాల్తాలో మరణించి, భర్తకు దూరముగా అచ్చటనే ఖననమై యుండెను. రష్యన్ భాషలో ఇంటిపేరునకును స్త్రీలింగము కలదు. ఆ పేరుతోనే భర్త రచనలను ముప్పదియేండ్లకు పైగా అచ్చువేయించినది ఆమె. భర్త పక్కన పరుండవలెనన్నది ఆమె కోరిక. దానికొరకు ఆంద్రేయ్ కార్యాలయములచుట్టు తిరిగి, 1968 జూన్‌లో ఆమె అస్థికలను లెనిన్‌గ్రాడునకు తెప్పించి, తీఖ్విన్ శ్మశానమున తాతగారి సమాధిలో చేర్పించెను. అదే యేడు సెప్టెంబరులో ఆయనయు కన్నుమూసెను.