బెత్తము దిగిన తరువాత

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయములో నిశ్శబ్దము పాటింపుడని గోడమీద వ్రాసియుండును. చదువరులు పాటింతురు, ఏలయన వచ్చినవారందరును తమ ఇచ్ఛతో వచ్చినవారే. బడి సంగతి వేరు. అక్కడ నలువదిమంది పిల్లలు ఒక గదిలో కూర్చుండవలెను. అందరును ఇచ్ఛతో వచ్చినవారు కారు. అందరి ఇంటి మాటయు ఒకటి కాదు. వారినెల్ల ఒక త్రోవను నడుపుట ఎట్లన్నది బడి పుట్టిననాటి ప్రశ్న. నేడు దానికి సమాధానముగా వేలితో తాకిన పలికెడి తెరలను, ఫోనులోని ఉపకరణములను చూపుచున్నారు. అవి ఎంతవరకు పనికివచ్చునో నారాయణఖేడ్ వంటి ప్రాంతమును ముందుంచుకొని విచారించుట ఈ ప్రసంగమునకు విషయము.

మొదట పాత పద్ధతి ఎట్టిదో చూడవలెను. 1823లో బళ్ళారి కలెక్టరుగా నుండిన ఎ. డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని వీధిబడులను గూర్చి మద్రాసు ప్రభుత్వమునకు నివేదిక పంపెను. తెలుగు వ్యాకరణము వ్రాసిన క్యాంప్‌బెల్ ఈయనయే. ఆ జిల్లాలో నాడు 533 బడులుండెను; తెలుగు, కన్నడము రెండును చెప్పుచుండిరి. ఉదయము ఆరు గంటలకు బడి. మొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేత సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చిన ప్రతివానికి ఒక్కొక్కటి హెచ్చు. ఈ లెక్కను ఇరువదవవానికి పదునెనిమిది! ఇక సోమరులను చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయుట, ఎడతెగక కూర్చుండబెట్టి లేపుట ఆ నివేదికలో నున్నవి. వీనినే కోదండమనియు, గుంజిళ్ళనియు అందురు. ఈ సభలోని తల నెరసినవారికి ఆ మాటలు విప్పి చెప్పనక్కరలేదు.

అయితే ఆ వీధిబడిలోనే ఒక మంచి ఉపాయమును ఉండెను. పై చదువు చదివిన పిల్లవాడు క్రింది పిల్లలకు చెప్పును. పంతులు ఒక్కడే అయినను బడి నడచును. మద్రాసులో అనాథ బాలుర బడిని చూచుచుండిన ఆండ్రూ బెల్ అను పాదిరి ఈ పద్ధతి నవలంబించి, 1797లో లండనులో పుస్తకముగా ప్రకటింపగా, అది మద్రాసు పద్ధతియను పేర ఇంగ్లండు బడులలో వ్యాపించెను. దొరలు ఉపాయమును గొనిపోయిరి. బెత్తము మాత్రము ఇచ్చటనే మిగిలినది.

2009 నాటి విద్యాహక్కు చట్టము, తన 17వ విభాగమున, పిల్లలను కొట్టుటయు మనస్సు నొప్పించుటయు నిషేధించెను. బెత్తము దిగినది. దాని చోట ఏమి నిలిచెను? అనేక తరగతులలో కేక నిలిచినది. గొంతు పోయిన ఉపాధ్యాయుడు పిల్లలను నిందించును, పిల్లలు గోడ గడియారమును చూతురు.

తెరను బడికి తెచ్చుట ఈ నాటి ఆలోచన కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహముద్వారా ఆంధ్రప్రదేశముతో కలిపి ఆరు రాష్ట్రములలో ఇంచుమించు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారమైనవి. ఉదయమున పిల్లల కొరకు ఇరువదిరెండున్నర నిమిషములు కేటాయించిరి. తెర చెప్పును, పిల్లలు విందురు. పిల్లలు చెప్పినది తెర వినదు. 2016 నవంబరులో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో మొదలిడిన డిజిటల్ పాఠములును, మహమ్మారి కాలమున 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరిలోను టీ-శాట్ లోను వచ్చిన పాఠములును చాలవరకు ఈ జాతివే. వినుటకు వీలుగా చేసినవే ఈ కొత్త ఉపకరణములు. పిల్లవాడు తాకినను, చీటి చూపినను, తెర తెలిసికొనును. భేదమంతయు ఇక్కడనే యున్నది.

ఇప్పుడు నారాయణఖేడ్ మాట. 1956 వరకు ఇది బీదరు జిల్లాలోని తాలూకా. తరువాత మెదక్ జిల్లాలో చేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. ఒక వంక కర్ణాటకము, ఒక వంక మహారాష్ట్రము. అంగడిలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ వినవచ్చును; తండాలలో లంబాడీ భాష. ఇదే జిల్లాలో కంది యొద్ద ఐ.ఐ.టి. యున్నది; ఇదే జిల్లాలో తండాబడియు నున్నది. తండా పిల్లవాడు ఇంట వినని మాటతో బడిలో చదువు మొదలిడును. పంతులు "అర్థమైనదా?" అని అడుగగా తరగతి అంతయు ఒక్క గొంతుతో "అయింది సార్" అనును. ఆ పిల్లవాడును అనును. బయటినుండి చూచువారికి అది ఎంతో క్రమముగల తరగతి. నిజమునకు అందు పదిమందికి ఏమియు తెలియలేదు. తెలియలేదని పంతులునకును తెలియలేదు.

ఈ చిక్కునకు ఖరీదైన తెరకంటె ఒక కాగితపు ముక్క ఎక్కువ పనిచేయును. ప్లికర్స్ అను ఉపకరణమున్నది. ప్రతి పిల్లవానికి ఒక చీటి. దానిమీద నలుపు తెలుపు గడుల బొమ్మ. ఒకని బొమ్మవలె మరొకనిది ఉండదు. నాలుగు అంచులకు నాలుగు చిన్న అక్షరములు. పంతులు ప్రశ్నయు, నాలుగు సమాధానములును బల్లమీద వ్రాయును. పిల్లవాడు తన సమాధానపు అక్షరము పైకి వచ్చునట్లు చీటిని త్రిప్పి పట్టుకొనును. పంతులు ఫోను కెమెరాను గది ఈ మూలనుండి ఆ మూలకు త్రిప్పిన చాలును. ఎవరు ఏమి చెప్పిరో ఫోనులో పడును. పిల్లల చేతిలో యంత్రమక్కరలేదు. బొమ్మలు వేరుగుటచేత ప్రక్కవాని చీటి చూచి కాపీ కొట్టుటకు వీలులేదు. అన్నిటికంటె ముఖ్యము, తప్పు చెప్పినవాడెవడో పంతులునకు మాత్రమే తెలియును. తరగతి నవ్వదు. "అయింది సార్" అను అలవాటున్న పిల్లవాడు ఆనాడు మొదటిసారి నిజము చెప్పును.

గడియారపు ఉపకరణమును తక్కువది కాదు. మూడవ తరగతికి ఐదు నిమిషముల చదువు పని ఇచ్చి, తెరమీద కాలచక్రము తరుగుచుండగా, పంతులు ఐదవ తరగతికి భాగహారము చెప్పుకొనవచ్చును. ఒకే పంతులున్న బడిలో ఇది కేకను తగ్గించును. ఎవరిని ప్రశ్నింపవలెనో చీట్లు తీసినట్లు పేరు తీసి చూపు ఉపకరణమున్నది. ముందువరుస పిల్లలనే అడుగు అలవాటునకు అది మందు. (మధ్యలో పంతులుగారి ఫోను మ్రోగినచో ఈ క్రమమంతయు గాలికి పోవును. దానికి ఉపకరణమింకను రాలేదు.)

జాగ్రత్తపడవలసినవియు నున్నవి. అమెరికాలో 2011లో వెలసిన క్లాస్ డోజో వంటివి పిల్లవాని నడవడికి అంకెలు వేయును; మంచికి ఒకటి కలుపును, చెడుకు ఒకటి తీయవచ్చును. వాని నందరికిని కనబడునట్లు తెరమీద పెట్టినచో, అది అరచేతి సరస్వతియు, సున్నయు, పదునెనిమిది దెబ్బలును రంగులు పూసికొని తిరిగి వచ్చుటయే. చేయి నొప్పి పుట్టకపోవచ్చును. తండానుండి నడచి ఆలస్యముగా వచ్చిన పిల్ల పేరు దినదినము అడుగున కనబడుచుండ, ఆమె ఎన్నాళ్ళు బడికి వచ్చును? మనస్సు నొప్పించుటయు చట్టములో నిషిద్ధమే.

ఇంకొకటి, హాజరు. ఈ ప్రాంతపు తండాలనుండి అనేక కుటుంబములు చెరకు కోతకు ఏటేట వలస పోవును. పిల్లలును బండియెక్కుదురు. హాజరుపట్టీ కాగితముదైనను ఫోనులోనిదైనను ఆ పిల్లవానికెదురుగ 'రాలేదు' అని మాత్రమే చెప్పును. చీటి లెక్క అంతకంటె ఎక్కువ చెప్పగలదు. పోకముందు వానికి తీసివేతలు వచ్చునా, గుణింతము ఎంతవరకు వచ్చును అన్నది అందుండును. కోత ముగిసి తిరిగి వచ్చిననాడు పంతులు ఆ పుట తీసి, ఎక్కడ విడిచెనో అక్కడనుండి వానిని ఎత్తుకొనవచ్చును. ఆ మెట్టు దాటిన తోటి పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టవచ్చును. అట్లు లేనిచో వాడు వెనుకవరుసలో కూర్చుండి "అయింది సార్" అనుచుండి, మరుసటి ఏడు బండియెక్కి తిరిగి రాకపోవును. బల్లలు, తెరలు బడికి సర్కారు ఇయ్యగలదు. ఈ పుట తీసి చూచుట పంతులు పని.

చీట్ల మాట మరికొంత. పలుచని కాగితముమీద అచ్చొత్తినచో పిల్లల చేతులలో వారము నిలువవు. పాత పుస్తకములకు అట్టలు వేయుట గ్రంథాలయమునకు తెలిసిన పనియే. ఆ జిగురుతో, ఆ అట్టతో నలువది చీట్లు ఒక సాయంకాలమున సిద్ధమగును. నలుపు గడులమీద వ్రేళ్ళు పడకుండ అంచులు వెడల్పుగా విడువవలెను, చీటి వెనుక అంకెతోపాటు పిల్లవాని పేరు తెలుగున వ్రాయవలెను. వలసపోయిన పిల్లవాని చీటిని పారవేయక, కట్టలోనే ఉంచవలెను.