అంతరిక్షోపకరణశాలలో మా ఆరువారములు
(విశ్వబ్రాహ్మణ సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



పెద్దలనేకులు ఆసీనులై యున్న యీ సభలో విద్యార్థిదశయందున్న మమ్ము మాట్లాడుమని కోరుట మీ యౌదార్యము. మా ఇంజనీరింగు విద్యలో మూడవయేడు ముగిసిన పిదప, 2024 వేసవియందు, హైదరాబాదు ప్రాంతమున రాకెట్లకు కావలసిన లోహభాగములను చేయు నొక కర్మాగారములో ఆరువారములు పని నేర్చితిమి. ఆ యనుభవమును, అందు మేము చేసిన యొక తప్పిదమును, దానివలన మాకు తోచిన కొన్ని మనవులను మీ ముందుంచెదము.

భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 1969 ఆగస్టు 15వ తేదీన ఏర్పడినది. పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోటనుండి 1971 మొదలుకొని రాకెట్లు ఎగయుచున్నవి. ఆకాశమున కెగయు వాహనమును అందరును చూతురు. దాని యవయవములు అనేక పట్టణములలోని చిన్నపెద్ద కర్మశాలలయందు రూపొందుట కొందరే యెరుగుదురు. పి.ఎస్.ఎల్.వి. యను వాహనము 44 మీటర్ల పొడవుగలది; దానికి నాలుగు అంచెలు. మొదటి అంచెలో ఘన ఇంధనమును ధరించు గొట్టము మారేజింగు అను మేలిజాతి ఉక్కుతో చేయబడును. ఇంధనము మండునపుడు లోపలి వాయువుల యొత్తిడి అత్యధికమగును. ఉక్కునందు వెండ్రుకవంటి పగులున్నను అది ప్రాకి, క్షణములో సర్వమును భస్మము కావచ్చును. కావున అచ్చట చేయుపని యెంతయో, చేసినదానిని పరీక్షించుపనియు నంతయే.

మాకు అప్పగించినది ఆ పరీక్షయే. మా తాతగారు కంచరిపని చేసిరి. పోతపోసిన పాత్రను వ్రేలితో మీటి, నాదము నిలిచినచో మంచిదనియు, బొంగురుధ్వని వచ్చినచో పగులున్నదనియు చెప్పెడివారు. అతిధ్వని పరీక్షయు ఇట్టిదే. సెకనుకు 20,000 స్పందనలకు మించిన ధ్వని మనుష్యుల చెవికి వినబడదు. ఈ పరీక్షయందు పదిలక్షలకు మించిన స్పందనలుగల ధ్వనిని లోహములోనికి పంపుదురు. అది ఉక్కులో సెకనుకు సుమారు 5,900 మీటర్ల వేగముతో పరుగిడును. లోపల పగులున్నచో అచ్చటనే తగిలి మరలివచ్చి, తెరమీద నొక శిఖరముగా కనబడును. మరలివచ్చిన కాలమునుబట్టి లోతు గణింతురు. పరీక్షాదండమునకును లోహమునకును నడుమ గాలిపొర యున్నచో ధ్వని లోనికి చొరదు. కావున నూనెవంటి ద్రవము పూయవలెను. పరికరము సరిగానున్నదో లేదో తెలియుటకు, కొలతప్రకారము తొలిచిన రంధ్రముగల దిమ్మెను ముందుగా పరీక్షింపవలెను. పని మొదలిడునపుడును, తీగనో దండమునో మార్చినపుడును, పని ముగించునపుడును ఇట్లు చేయుట నియమము.

అయిదవ వారమున నొకనాటి మధ్యాహ్నము తీగ చెడగా వేరొకటి తగిల్చితిమి. నమ్మకముచేత పరీక్షాధికారి ఆ పూట మమ్ము ఒంటరిగా పనిచేయనిచ్చిరి. మేము తొందరపడి, దిమ్మెపై మరల సరిచూడకయే 22 వలయభాగములను పరీక్షించి, నిర్దోషములని పుస్తకమున వ్రాసితిమి. సాయంకాలము దిమ్మెపై చూడగా శిఖరము ఉండవలసిన యెత్తులో సగమైనను లేదు. తగిల్చిన తీగయు లోపముగలదే!

చుట్టును ఎవరును లేరు. పరికరపు మీటను కొంచెము త్రిప్పి శిఖరమును పెంచి, సరియని వ్రాసినచో నడుగువారు లేరు. యోగ్యతాపత్రము వచ్చుటకు వారముమాత్రమే యున్నది. కొంతసేపు చేష్టలుడిగి నిలిచితిమి. పిదప అధికారి గదికి పోయి ఉన్నదున్నట్లు చెప్పితిమి. ఆయన కోపింపలేదు, ఆ పుటలోని వ్రాతపై గీతగీసి చేవ్రాలు చేసి, 22 భాగములను తిరిగి తెప్పించిరి. రెండుదినములు మరల పరీక్షించితిమి. ఒక్కదానియందును లోపము కనబడలేదు. “అట్లయిన మేము చెప్పకున్నను నష్టము లేకుండెడిది కదా” యని మేమనగా ఆయన, “మొన్న ఇవి మంచివని నీవు వ్రాసితివి, నేడు మంచివని నీకు తెలిసినది. ఈ రెండును ఒకటి కావు” అనిరి.

అంతరిక్షసంస్థ చరిత్రలోను ఇట్టి ధర్మము కలదు. 1979 ఆగస్టు 10వ తేదీన ఎస్.ఎల్.వి.-3 రెండవ అంచెయొక్క నియంత్రణవ్యవస్థ చెడి సముద్రమున పడినపుడు, అధ్యక్షులైన సతీశ్ ధవన్ గారు పత్రికలవారి యెదుట బాధ్యతను తాము వహించిరి. 1980 జూలై 18వ తేదీన అదే వాహనము కృతార్థము కాగా, మాట్లాడు గౌరవమును అబ్దుల్ కలాం గారికి విడిచిరి.

ఇక మా మనవులు. మొదటిది: ఆ కర్మశాలలో అందరికంటె నేర్పరియైన వెల్డరు మన కులమువాడు కాడు. కొలిమియొద్ద పుట్టినమాత్రమున పని రాదు, నేర్చినవానికే వచ్చును. పూర్వుల ఖ్యాతిని చెప్పికొనుటతో మనము తృప్తిపడరాదు.

రెండవది: మాకీ యవకాశము కేవలము యోగ్యతచే లభింపలేదు. సంఘమునందలి పెద్దలొకరు పరిచయలేఖ నిచ్చిరి. వసతిభోజనముల వ్యయమును మా తండ్రిగారు భరించిరి. మాకంటె నెక్కువ మార్కులుగల మా సహాధ్యాయిని, యొక కమ్మరిగారి కుమార్తె, అట్టి లేఖయు సొమ్మును లేక ఆ వేసవి యూరనే యుండిపోయెను. ఈ మాట చెప్పుటకు మాకు సిగ్గగుచున్నది. విద్యార్థి వేతనములు కళాశాల రుసుములతో నాగక, ఇట్టి శిక్షణకాలపు వ్యయమునకును ఉపయోగపడునట్లు పోషకులు చూడవలెను. పరిచయలేఖలు బంధుత్వమునుబట్టి గాక మార్కులనుబట్టి యీయవలెను. బాలికలకు నగరమున సురక్షితమైన వసతి కల్పింపవలెను.

మా తాతగారు పగిలిన పాత్రను ఎన్నడును అమ్మలేదు, మరల కరగించిరి. సంఘమును అట్లే తన్ను తాను మీటి చూచుకొని, బొంగురుధ్వని వచ్చినచోట దిద్దుకొనుగాక యని ప్రార్థించుచున్నాము.