మనిషికి గుర్తు పేరా, నంబరా?

(ప్రసంగ పాఠం)



నేను మాట్లాడవలసిన విషయం కంప్యూటర్ డేటాబేస్. ఈ వయసులో మనకెందుకీ గొడవ అని కొందరికి అనిపించవచ్చు. కానీ మన పింఛనూ, మన తదనంతరం జీవిత భాగస్వామికి రావలసిన కుటుంబ పింఛనూ ఆ డేటాబేస్‌లోని ఒక వరుసను పట్టుకునే వస్తాయి. ఆ వరుస మనదేనని కంప్యూటర్ దేన్నిబట్టి గుర్తుపడుతుందో తెలిస్తే సగం చికాకులు తప్పుతాయి.

సర్వీసులో ఉండగా మనమంతా పెద్ద పెద్ద రిజిస్టర్లు రాసినవాళ్ళమే. ప్రతి పద్దుకూ ఎడమవైపు ఒక క్రమసంఖ్య వేసేవాళ్ళం. డేటాబేస్ కూడా అటువంటి రిజిస్టరే. సమాచారాన్ని పట్టికలుగా అమర్చి, ఒక పట్టికకూ మరో పట్టికకూ సంబంధం కలిపే పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించారు. ఏ రెండు వరుసలకూ ఒకటే కాకుండా ఉండే గుర్తును ప్రైమరీ కీ అంటారు. పేరు, పుట్టిన తేదీ, ఊరు, శాఖ వంటి ఉన్న వివరాలతోనే ఆ గుర్తు తయారుచేస్తే అది న్యాచురల్ కీ, అనగా సహజమైన గుర్తు. ఏ అర్థమూ లేని అంకెను గుర్తుకోసమే ఇస్తే అది సరోగేట్ కీ, అనగా బదులుగా నిలిచే గుర్తు.

సహజమైనదే మంచిది కదా అని మనకు తోస్తుంది. మన సంగతే చూడండి. సింహాచలం అప్పన్న, విజయనగరం పైడితల్లి, అరసవల్లి సూర్యనారాయణ స్వామి చలవవల్ల మన ప్రాంతంలో ఏ వీధికి వెళ్ళినా ఒక అప్పలరాజు, ఒక పైడిరాజు, ఒక సూర్యనారాయణ ఉంటారు. ఇంటిపేర్లు కూడా కలిసేవారు ఉంటారు. పుట్టిన తేదీ చూద్దామంటే, బడిలో చేర్చేనాడు మాస్టారు వేసిన జులై 1 ఎంతమందికో ఉంది. అప్పలనాయుడు అనే పేరు ఇంగ్లీషులో ఒకచోట ఒకే మాట, మరోచోట రెండు మాటలు. మనకది ఒకే మనిషి. కంప్యూటర్‌కు ఇద్దరు.

పోనీ ఊరూ జిల్లా కలుపుదామా? 1950 ఆగస్టు 15కు ముందు పార్వతీపురంలో పుట్టినవారిని తీసుకోండి. పుట్టినప్పుడు వారిది విశాఖపట్నం జిల్లా. ఆ తేదీన శ్రీకాకుళం జిల్లా ఏర్పడి అందులోకి వచ్చారు. 1979 జూన్ 1న ఏర్పడిన విజయనగరం జిల్లాలోకి వెళ్ళారు. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా వారయ్యారు. ఇల్లు కదల్లేదు, జిల్లాలు మాత్రం నాలుగు. మధ్యలో 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. జిల్లా, తాలూకా కలిపి ఒకరికి నంబరు ఇచ్చి ఉంటే, అది ఈపాటికి అబద్ధమైనా చెబుతుండాలి, లేదా మారైనా ఉండాలి. మారిస్తే జీతం, పి.ఎఫ్., అప్పులు, పింఛను, ఇలా ఆ నంబరు ఎక్కిన ప్రతి పట్టికలోనూ మార్చాలి. ఒక్కచోట మరచినా లంకె తెగుతుంది.

ఇది ఊహ కాదు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఐ.ఎఫ్.ఎస్.సి. కోడులో మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకును సూచిస్తాయి. బ్యాంకు పేరు పోయాక ఆ కోడూ పోయింది. పాత కోడు ఇచ్చిన ప్రతిచోటా కొత్తది ఇచ్చుకోవలసి వచ్చింది.

ప్రావిడెంట్ ఫండ్ నంబరులోనూ ప్రాంతం, కార్యాలయం, సంస్థ కోడులు ఇమిడి ఉండేవి. సంస్థ మారితే నంబరూ మారేది. అందుకే 2014లో యు.ఏ.ఎన్. అనే 12 అంకెల నంబరు తెచ్చారు. ఉద్యోగం మారినా అది మారదు. ఆధార్ 12 అంకెల్లోనూ ఊరు, కులం, వయసు ఏవీ కనబడకుండా కావాలనే అలా రూపొందించారు. చివరి అంకె, రాయడంలో పొరపాటును పట్టుకోవడానికి లెక్కకట్టి పెట్టినది.

అలాగని అర్థం లేని అంకె అన్నిటికీ మందు కాదు. ఒకప్పుడు ఏపీ 30 అంటే శ్రీకాకుళం బండి, ఏపీ 35 అంటే విజయనగరం బండి అని చూడగానే చెప్పేవాళ్ళం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఆ సౌకర్యం కొత్త బండ్లకు లేదు. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి. నంబరు ఇచ్చుకుంటూ పోవడమే పనిగా పెట్టుకుంటే ఒకే మనిషికి రెండు నంబర్లు పడవచ్చు. రెండు యు.ఏ.ఎన్.లు పడి, వాటిని కలపడానికి తిరిగినవారున్నారు. కనుక లోపల మారని అంకె ఉండాలి, దానికి కాపలాగా పేరు, తేదీ వంటి సహజ వివరాలూ సరిచూడాలి. నా అభిప్రాయం ఇదే.

మన ఇంటికి వచ్చేసరికి దీని అర్థం ఏమిటి? పి.పి.ఓ. నంబరు మన వరుసను వెతికిపెడుతుంది. కానీ కుటుంబ పింఛనుకు ఎదురుగా వచ్చి నిలబడ్డ మనిషి ఆ వరుసలో రాసినవారేనా అని తేల్చేది పేరూ, పుట్టిన తేదీయే. అక్కడ ఒక్క అక్షరం తేడా వచ్చినా, దుఃఖంలో ఉన్న మనిషి కాగితాలు పట్టుకుని తిరగాలి.

అందుచేత మూడు మనవులు. మొదటిది, పి.పి.ఓ. ఎక్కడుందో ఇంట్లోవారికి చూపించండి. రెండవది, పి.పి.ఓ., ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కులలో మీ పేరూ, మీ భాగస్వామి పేరూ, పుట్టిన తేదీలూ అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే మీ సంతకం చెల్లుతున్నప్పుడే దిద్దించండి. మూడవది, నంబరు గుర్తు మాత్రమే, రుజువు కాదు. ఫోనులో ఎవరైనా మీ నంబరు సరిగ్గా చెప్పినంతమాత్రాన వారిని నమ్మి ఓ.టి.పి. చెప్పకండి.

మనం లేనినాడు మన తరఫున మాట్లాడేవి ఆ నాలుగు కాగితాలే. వాటన్నిటినీ ఒకే మాట చెప్పేటట్టు చేసి ఉంచడం మన చేతిలో పని.