విప్లవ వార్తలను వినుట యెట్లు?



ఒక దేశమున ప్రజలు తిరుగబడినప్పుడు ఒక ప్రసారకేంద్రము దానిని విప్లవమనును. మరియొకటి అల్లరి యనును. మనమెవరిని నమ్మవలెను? ఇందుకు సమాధానము వెదక దూరదేశములకు పోనక్కరలేదు. మన పార్వతీపురపు కొండలలోనే యది కలదు.

1967 అక్టోబరు 31వ తేదీన మొండెంఖల్లు గిరిజన సభకు పోవుచున్నవారిపై లేవిడివద్ద భూస్వాముల పక్షమువారు దాడిచేసిరి. కోరన్న, మంగన్న యను నిరువురు గిరిజనులు ప్రాణములు గోల్పోయిరి. 1968లో నిందితులను న్యాయస్థానము నిర్దోషులుగా విడిచెను. ఆ యేటి చివరనే సాయుధపోరాటము రగిలెను. దానికి నాయకులైన ఉపాధ్యాయులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసములు 1970 జులైలో మరణించిన పిమ్మట నది క్షీణించెను.

ఆ దినములలో పీకింగు రేడియో శ్రీకాకుళమును విప్లవక్షేత్రమని కీర్తించెను. మన ప్రభుత్వ ప్రకటనలలో నదే సంగతి శాంతిభద్రతల సమస్య. ఒకరి మాటలో చైనామార్గపు ఘనత మిన్నుముట్టెను. హతులైన షావుకార్ల యింటివారి యేడుపు వినరాలేదు. మరియొకరి మాటలో పోలీసుల శ్రమయే పెద్దదయ్యెను. అప్పుక్రింద భూమి పోగొట్టుకొన్న గిరిజనుని గోడు మరుగుపడెను. ఆ గోడు నిజమనుటకు సాక్ష్యమేమందురా? ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయింపును గట్టిగా నిషేధించుచు ప్రభుత్వమే 1970లో 1/70 చట్టమును దెచ్చెను.

ఇది గడచిన కాలపు ముచ్చటయని త్రోసివేయరాదు. 2011లో ఈజిప్టు ప్రజలు కైరోలోని తహ్రీర్ చౌకులో గుమిగూడగా, అచటి ప్రభుత్వ టెలివిజను ప్రశాంతమైన వీధులను జూపెను. ఖతారు ప్రభుత్వ ధనముతో నడచు అల్ జజీరా ఆ జనసముద్రమును లోకమునకు జూపెను. అదే యేట ఖతారుకు పొరుగైన బహ్రెయినులో ప్రజలు లేచినప్పుడు, దాని అరబ్బీ ప్రసారములలో నంత యుత్సాహము లేదని పలువురు విమర్శించిరి. దూరపు మంటను జూపువాడు పొరుగింటి మంటకు తెరవేయవచ్చును.

కావున విప్లవవార్త విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడని నా మనవి. ఈ కేంద్రము ఎవరి సొమ్ముతో నడచుచున్నది? జరిగినదానికి ఏ పేరు పెట్టుచున్నది? ఎవరి కష్టమును చెప్పక విడిచినది? గట్టుతగవు వచ్చినప్పుడు ఇరుపక్షముల మాట వినక మీరు తీర్పు చెప్పరు. పొలమునకుబోయి గట్టును కన్నులార జూతురు. ఇరుగుపొరుగు దేశముల తగవులకును ఆ ధర్మమునే పాటింతము.