కువైట్: కొనుక్కున్న విజ్ఞానం, వేళ్లూనిన విజ్ఞానం

కొత్త విజ్ఞానాన్ని దేశం ఎక్కడినుంచి తెచ్చుకోవాలి, ఎవరి డబ్బుతో పెంచాలి, దానిని పరిశ్రమగా ఎవరు మలచాలి అనే విషయాల్లో ప్రభుత్వం తీసుకునే నిర్ణయాలన్నిటినీ కలిపి ఈనాడు జాతీయ నవకల్పన విధానం అంటున్నారు. కువైట్‌లో ఈ పేరు కొత్తదే గాని పని పాతది. 2017 జనవరిలో ప్రభుత్వం ప్రకటించిన ‘నవ కువైట్ 2035’ ప్రణాళికతో ఈ చరిత్రను మొదలుపెట్టే అలవాటు ఒకటి ఉంది, అది సరికాదు. చమురు నాటినుంచీ ఈ చిన్న దేశం విదేశీ భాగస్వాములతో ఒప్పందాలు చేసుకుంటూనే ఉంది. వాటిలో కొన్ని ఇక్కడి నేలలో విజ్ఞానాన్ని వేళ్లూనేలా చేశాయి, చాలామటుకు యంత్రాలను దించి బిల్లు తీసుకుని వెళ్లిపోయాయి. ఈ తేడా ఎక్కడ వచ్చిందో వెతకడమే ఈ ఉపన్యాసం పెట్టుకున్న పని.

ఆర్థిక అనుసంధానం, అంటే రెండు దేశాల సరుకు, డబ్బు, శ్రమ ఒకదానిమీద ఒకటి ఆధారపడేలా ముడిపడడం, కువైట్‌కు చమురుతో వచ్చినది కాదు. ఇక్కడి ముత్యాలు బొంబాయి బజారుకు చేరేవి, మలబారు టేకుతో ఇక్కడి ఓడలు తయారయ్యేవి, సంతలో చెల్లే నాణెం భారత రూపాయి. రూపాయలు చేతులు మారి భారతదేశానికి దొంగ బంగారం తరలిపోతున్నదని రిజర్వు బ్యాంకు 1959లో గల్ఫ్‌కోసం ప్రత్యేక రూపాయి నోటును ముద్రించింది. 1961 ఏప్రిల్‌లో దినారు వచ్చినప్పుడు దాని మారకం పదమూడు రూపాయల చిల్లర. నేడు దినారు ధర చూసుకుని ఇంటికి డబ్బు పంపేవారికి ఈ సంగతి కొంత వింతగా తోచవచ్చు.

జపాన్ సాగు ముత్యాలు పాత వ్యాపారాన్ని దెబ్బతీసిన రోజుల్లోనే, 1934 డిసెంబరు 23న, కువైట్ పాలకుడు షేక్ అహ్మద్ అల్-జాబిర్ చమురు రాయితీ ఒప్పందంమీద సంతకం చేశారు. ఆంగ్లో-పర్షియన్, అమెరికాకు చెందిన గల్ఫ్ ఆయిల్ సమాన వాటాలతో పెట్టిన కువైట్ ఆయిల్ కంపెనీకి 75 ఏళ్లపాటు తవ్వుకునే హక్కు దక్కింది. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది, యుద్ధం అడ్డువచ్చి 1946 జూన్‌లో గాని తొలి ఓడ కదలలేదు. దేశానికి రాబడి వచ్చింది, వెలికితీసే విద్య మాత్రం కంపెనీ గుమ్మం దాటలేదు.

నీటి కథ ఇందుకు భిన్నం కనుక దాని దగ్గర కొంచెంసేపు ఆగడం అవసరం. ఏరుగాని చెరువుగాని లేని ఈ పట్టణానికి ఒకప్పుడు తాగునీరు షత్-అల్-అరబ్ నదినుంచి పడవల్లో వచ్చేది. 1950ల మొదట్లో సముద్రపు నీటిని మరిగించి ఆవిరిని చల్లార్చే యంత్రాలు పెట్టారు. వాటిలో వేడి గొట్టాలు ఉప్పునీటిలోనే మునిగి ఉండేవి కనుక కొద్దికాలానికే గార పట్టి, వేడి నీటికి అందక, యంత్రాన్ని ఆపి గోకవలసివచ్చేది. దీనికి విరుగుడుగా వచ్చినదే బహుళదశల ఫ్లాష్ పద్ధతి. ఇందులో నీటిని గొట్టంమీద మరగనివ్వకుండా ఒత్తిడిలో ఉంచి వేడిచేసి, ఒకదానికంటే ఒకదానిలో ఒత్తిడి తక్కువగా ఉండే గదుల్లోకి వరసగా వదులుతారు. ఒత్తిడి తగ్గిన ప్రతిచోటా నీటిలో కొంత ఉన్నపళంగా ఆవిరై, పైనున్న చల్లని గొట్టాలకు తగిలి మంచినీరుగా జారుతుంది, ఆ గొట్టాల్లోంచి కొత్తగా వస్తున్న సముద్రపు నీరు ఆ వేడిని అందుకుంటుంది. 1957లో వెస్టింగ్‌హౌస్ ఇక్కడ నాలుగు దశల యంత్రాలను నెలకొల్పింది. 1960లో షువైఖ్‌లో గ్లాస్గోకు చెందిన వెయిర్ కంపెనీ, రాబర్ట్ సిల్వర్ రూపకల్పనతో, దశలను 19కి పెంచింది. ఆ తరువాత కొన్ని దశాబ్దాలు గల్ఫ్ తీరమంతటా ఈ పద్ధతిదే రాజ్యం. ఇంకా ఎవరూ నమ్మని యంత్రాన్ని డబ్బిచ్చి తెచ్చి, తన దాహాన్నే దానికి పరీక్షగా పెట్టిన కువైట్ ఇక్కడ కేవలం కొనుగోలుదారు కాదు. ప్రభుత్వ కొనుగోలు కొత్త సాంకేతికతకు ప్రాణం పోయగలదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం. అయినా పేటెంటు గ్లాస్గోలోనే ఉండిపోయింది, కువైట్‌కు మిగిలింది ఆ యంత్రాలను నడిపే నేర్పు.

అసలు మలుపు జపాన్ ఒప్పందంతో వచ్చింది. సౌదీ అరేబియాతో కువైట్‌కు ఉమ్మడిగా ఉన్న తటస్థ మండలపు సముద్రంలో చమురు వెతకడానికి యమషితా తారో నెలకొల్పిన అరేబియన్ ఆయిల్ కంపెనీ సౌదీనుంచి 1957లో, కువైట్‌నుంచి 1958లో రాయితీ పొందింది. 1960లో ఖఫ్జీ దగ్గర చమురు పడింది. ఆ రాయితీ పత్రం కంపెనీమీద మోపిన బాధ్యతను నెరవేర్చడానికే 1967లో కువైట్ శాస్త్ర పరిశోధన సంస్థ పుట్టింది. పెట్రోలియం, ఎడారి వ్యవసాయం, సముద్ర జీవశాస్త్రం దాని తొలి రంగాలు. కంపెనీ ఏర్పాటు చేసిన ఆ సంస్థ 1981 నాటికి చట్టం ద్వారా స్వతంత్ర ప్రభుత్వ సంస్థ అయింది. రాయల్టీ శాతం గురించి రాసినవారు ఎందరో ఉన్నారు గాని ఈ ఒక్క షరతు గురించి రాసినవారు తక్కువ. దేశానికి అది తెచ్చిపెట్టిన ఫలం మాత్రం తక్కువది కాదు.

పరిశోధనకు డబ్బెవరు పెట్టాలన్న ప్రశ్నకు 1976లో మరో జవాబు వచ్చింది. అమీరీ ఉత్తర్వుతో ఏర్పడిన కువైట్ శాస్త్రాభివృద్ధి ప్రతిష్ఠానానికి దేశంలోని వాటాదారీ కంపెనీలు తమ నికర లాభంలో 5 శాతం ఇచ్చేవి. ఆ వంతు క్రమంగా తగ్గి 1 శాతానికి వచ్చింది. బడ్జెట్ దయమీద ఆధారపడని ఈ నిధినుంచే తరువాత అమెరికాలోని ఎం.ఐ.టి.తోను, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌తోను పరిశోధన భాగస్వామ్యాలు సాగాయి.

ఇక కొనుగోళ్ల దారి. చమురును 1975లో జాతీయం చేసుకున్న దేశం 1981లో అమెరికాకు చెందిన డ్రిల్లింగ్, ఇంజనీరింగ్ కంపెనీ శాంటా ఫేను సుమారు 250 కోట్ల డాలర్లకు మొత్తంగా కొనేసింది. కంపెనీని కొంటే అందులోని విద్య కూడా వస్తుందన్న ఆశ సహజమే. పదహారేళ్ల తరువాత దాని వాటాలు మార్కెట్లోకి వచ్చాయి, 2001లో అది మరో కంపెనీలో కలిసిపోయింది. యూనియన్ కార్బైడ్‌తో కలిసి 1995లో పెట్టిన ఈక్వేట్ పెట్రోరసాయనాల పరిశ్రమ నిలదొక్కుకుంది, ఎందుకంటే అక్కడ భాగస్వామి వాటా, కర్మాగారం రెండూ ఇక్కడే ఉన్నాయి. డౌ కంపెనీతో తలపెట్టిన 1740 కోట్ల డాలర్ల కె-డౌ పథకాన్ని పార్లమెంటు నిరసనల నడుమ ప్రభుత్వం 2008 డిసెంబరులో రద్దుచేసుకుని, 2013లో సుమారు 220 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించింది. అంతర్జాతీయ ఒప్పందానికి ఇంట్లో ఒప్పుదల ముందే కూడగట్టకపోతే పడే మూల్యం అది.

1990 ఆగస్టులో ఇరాక్ సేనలు వచ్చినప్పుడు శాస్త్ర పరిశోధన సంస్థ ప్రయోగశాలలు లూటీ అయ్యాయి. 1980ల మొదట్లో జర్మన్ సహకారంతో సులైబియాలో 100 కిలోవాట్ల సౌర ఉష్ణ విద్యుత్ కేంద్రాన్ని కట్టిన సంస్థ అది. పరికరాలు పోయినా సంస్థ పోలేదు. 2030కల్లా 15 శాతం పునరుత్పాదక విద్యుత్తు అని కువైట్ అమీర్ 2012లో దోహా వాతావరణ సదస్సులో ప్రకటించాక, షగాయా ఎడారిలో 70 మెగావాట్ల కేంద్రానికి రూపకల్పన చేసినదీ ఆ సంస్థే. కట్టినవి స్పెయిన్ కంపెనీలు. పగటి వేడిని కరిగిన ఉప్పులో దాచి రాత్రి కరెంటు తీసే 50 మెగావాట్ల విభాగం అందులో పెద్దది. లక్ష్యంతో పోలిస్తే 70 మెగావాట్లు బహు కొంచెం, ఈ మాట దాచనక్కరలేదు. వ్యాపారం వైపు చూస్తే, 2013లో విదేశీయులకు నూరు శాతం యాజమాన్యం ఇచ్చే ప్రత్యక్ష పెట్టుబడుల చట్టం, 200 కోట్ల దినార్ల మూలధనంతో చిన్న పరిశ్రమల నిధి వచ్చాయి. విధానం ఊసే లేని 2004లో ఇక్కడ పుట్టి, 2015లో సుమారు 17 కోట్ల డాలర్లకు జర్మన్ కంపెనీకి అమ్ముడుపోయిన ఆహార సరఫరా యాప్ తలాబాత్‌ను మాత్రం ప్రతి వేదికమీదా ఉదాహరణగా చెబుతారు.

ఈ చరిత్రలో ఒప్పంద పత్రాలకు ఎక్కని భాగస్వాములు కొందరున్నారు. నీటి కేంద్రాల్లో, రిఫైనరీల్లో, ఇళ్లలో పనిచేసేవారిలో కడప, రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల వారు తరతరాలుగా ఉన్నారు. భారతీయులు దేశ జనాభాలో దాదాపు ఐదోవంతు. 2024 డిసెంబరులో భారత ప్రధాని 43 ఏళ్ల తరువాత కువైట్ వచ్చినప్పుడు రెండు దేశాల సంబంధం వ్యూహాత్మక భాగస్వామ్యం అయింది. ఒకచోట నేర్చిన పని దేశంలో పోగుపడాలంటే నేర్చినవాడు మెరుగైన పనికి మారగలగాలి. నివాస అనుమతి అయిన అకామా, పూచీపడే యజమాని అయిన కఫీల్‌తో ముడిపడి ఉన్నచోట అది సులువు కాదు. ఇరవయ్యో నంబరు వీసామీద ఇంటి డ్రైవరుగా వచ్చి మెకానిక్ పని నేర్చినవాడు కంపెనీ పనివారి పద్ధెనిమిదో నంబరుకు మారే దారి మామూలుగా మూసే ఉంటుంది. 2024 జులై 14నుంచి సెప్టెంబరు 12 దాకా, యజమాని అనుమతి, ఏడాది సేవ, 50 దినార్ల రుసుము అనే షరతులతో ఆ దారిని రెండు నెలలు తెరిచారు. జపాన్ కంపెనీ రాయితీ పత్రంలోని ఆ పాత బాధ్యతలాగా ఈ రెండు నెలల ఏర్పాటును కూడా నవకల్పన విధానంలో భాగంగా లెక్కించిన ప్రభుత్వ ప్రణాళిక ఇంకా రావలసి ఉంది.