మద్రాసు మూర్ మార్కెట్: ఒక బజారు కట్టడం సంగతి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మీ ఇంజనీరింగు సంగతి ఏదైనా చెప్పమన్నారు. వంతెనల గురించి మొదలుపెడితే భోజనాల వేళకు సగంమంది కునుకు తీస్తారు. అందుకని బజారు గురించి చెబుతాను.

1953 అక్టోబరు దాకా మన పెదకూరపాడుకు కూడా రాజధాని మద్రాసే. తెనాలిలో రైలెక్కి మద్రాసు సెంట్రల్లో దిగిన మన పెద్దలకు స్టేషను పక్కనే ఎర్రగా మూర్ మార్కెట్ కనిపించేది. పాత పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, పెంపుడు పక్షులు, వింత వస్తువులు అన్నీ అక్కడ దొరికేవి. బేరమాడటం రానివాడికి మాత్రం అది చోటు కాదు. తెలుగు సినిమా మద్రాసులో ఉన్నన్నాళ్లూ మనవాళ్లు ఎందరో పాత పుస్తకాల కోసం అక్కడ తిరిగారు.

పాత బజారు ఇరుకై మురికిపట్టడంతో నగరపాలక సంస్థ దీన్ని తలపెట్టింది. 1898లో శంకుస్థాపన, 1900లో ప్రారంభం. అప్పటి కార్పొరేషన్ అధ్యక్షుడు సర్ జార్జ్ మూర్ పేరు పెట్టారు. విక్టోరియా రాణి 1901లో పోయింది కాబట్టి, ఆవిడ ఏలుబడి చివరి రోజుల కట్టడం ఇది.

ఆ శతాబ్దంలో ఇంగ్లండులో ఇనుము, గాజు కొత్త సరుకు. 1851లో లండన్లో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌లో పోత ఇనుప స్తంభాలను బోలుగా పోశారు. కప్పు మీద పడిన వాన వాటి లోపలినుంచే కిందికి దిగిపోయేది. బరువు మోసేదీ అదే, నీళ్లు దించేదీ అదే! ఇన్నేళ్ల ఉద్యోగంలోనూ నాకు అంత ముచ్చటేసిన ఉపాయాలు ఎన్నో లేవు. సన్నని స్తంభాల మీద వెడల్పైన కప్పు నిలిచేసరికి, అడ్డుగోడలు లేని పెద్ద బజారు హాళ్లు సాధ్యమయ్యాయి.

కానీ గాజు కప్పును మద్రాసు మే నెల ఎండలో పెడితే లోపల కూరగాయలు వాటంతటవే ఉడుకుతాయి. అందుకే ఇక్కడ దారి మారింది. మధ్యలో ఆకాశం కనిపించే పెద్ద ముంగిలి, దాని చుట్టూ నాలుగు వైపులా దుకాణాలు, కమానుల వరసలు. మన మండువా ఇల్లు ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వేడిగాలి పైకిపోతుంది, నీడలో మనిషి నిలబడి బేరం చేసుకుంటాడు. పైన అలంకారం ఇండో సారసెనిక్ పద్ధతి. నన్నడిగితే అలంకారం కన్నా నీడే గొప్ప.

1985 మేలో మూర్ మార్కెట్ తగలబడింది. కారణం మీద రకరకాల వాదాలున్నాయి, వాటి జోలికి పోను. దుకాణదారులను వేరే సముదాయానికి తరలించారు. ఆ స్థలంలో సబర్బన్ రైళ్ల స్టేషను వచ్చింది. ఆవరణలో ఆ భవనం చిన్న నమూనా ఒకటి పెట్టారు.

అదే ఏడాది కలకత్తాలో 1874 నాటి హాగ్ మార్కెట్, జనం న్యూ మార్కెట్ అనేది, అందులోనూ కొంత భాగం కాలింది. వాళ్లు కాలిన భాగాన్ని తిరిగి కట్టుకున్నారు, వ్యాపారం నేటికీ నడుస్తోంది. అంత పాతది కాకపోయినా మన హైదరాబాదులో 1935 నాటి మొజంజాహి మార్కెట్ ఉంది. రాతి కట్టడం, మూల మీద గడియారం గోపురం. పాడుపడుతున్న దశలో 2018లో మరమ్మతు మొదలుపెట్టి 2020 ఆగస్టుకల్లా పూర్తిచేశారు. ఐస్‌క్రీం కోసమైనా వెళ్లి చూడండి. కప్పు కాలినంత మాత్రాన, గోడలు నెర్రెలిచ్చినంత మాత్రాన భవనం పోయినట్టు కాదు. పడగొట్టాలన్నది ఎవరో ఒకరు కూర్చుని తీసుకునే నిర్ణయం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన చుట్టుపక్కల కూడా పెంకుటి బళ్లు, రాతి గోడల కొట్లు, పాత మండువాలు ఒక్కొక్కటిగా పోతున్నాయి. కొన్నిటిని ఆపలేం, వాటిలో ఉండేవాళ్ల ఇబ్బంది వాళ్లది. పడగొట్టే ముందు కొలతలు తీసి, ప్లాను గీసి, నాలుగు ఫొటోలు తీసి బడి లైబ్రరీలో పెట్టగలం. యాభై అడుగుల టేపు నా దగ్గర ఉంది. వచ్చే ఆదివారం నుంచి తిరుగుదాం, రెండో కొస పట్టుకోవడానికి ఇద్దరు కుర్రాళ్లు కావాలి. భోజనాల దగ్గర నాకు పేర్లివ్వండి.